'శాశ్వతంగా తొలగించాం' అని రాసిన ఆ మెయిలే మీ కేసు

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఎనిమిది మందితో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. నగరంలో నాలుగు శాఖలున్న ఒక నగల దుకాణానికి కస్టమర్ల డేటాబేస్, నెలనెలా కట్టే బంగారం స్కీం లెక్కలు క్లౌడ్‌లో, అమెజాన్ ఆర్‌డీఎస్ అనే డేటాబేస్ సేవలో పోస్ట్‌గ్రెస్ మీద, మేమే చూస్తాం. ఆ ఓనర్‌ను సొంత అన్నలా అనుకున్నాను. నా భార్య గాజులు తాకట్టు పెట్టి ఆయన సర్వర్ బిల్లులు కట్టిన నెలలూ ఉన్నాయి. 2025 మార్చిలో స్కీం పూర్తిచేసి నగ తీసుకున్న ఒక కస్టమర్, ఆగస్టులో తన వివరాలన్నీ తీసేయమన్నాడు. షాపు మేనేజర్ వాట్సాప్‌లో చెప్పాడు, తీసేశాం. 'బ్యాకప్‌లతో సహా అన్నిచోట్ల నుంచి శాశ్వతంగా తొలగించాం' అని ఆగస్టు 21న మెయిల్ పెట్టాం. సెప్టెంబరులో మేం చేసిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల కొందరి చిరునామాలు చెడిపోయాయని డిసెంబరులో బయటపడింది. 12వ తేదీన జూన్ స్నాప్‌షాట్‌ను, అంటే అప్పట్లో డేటాబేస్‌కు తీసిన పూర్తి నకలును, రిస్టోర్ చేసి కస్టమర్ల టేబుల్‌ను కలిపేశాం. సంక్రాంతి ఆఫర్ మెసేజి ఆ కస్టమర్‌కూ వెళ్లింది. ఇప్పుడు 10 లక్షల పరిహారం కోరుతూ షాపుకూ మాకూ లాయర్ నోటీసు వచ్చింది. ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు, మాకు రావలసిన 6 లక్షల 40 వేలూ ఆపేశాడు. జూన్, అక్టోబరు స్నాప్‌షాట్లు, లాగ్‌లు (ఎవరు ఏం చేశారో నమోదైన రికార్డులు) తుడిచేసి, ఆగస్టు 21 తేదీతో డిలీషన్ సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తే బయటపడతామా? ఒప్పందం నకలు, టేబుళ్ల డిజైన్ జత చేశాను.

జవాబు: ఓనర్ మీకు అన్నా, కాదా అని ఏ కోర్టూ అడగదు. గాజుల తాకట్టు రసీదు కూడా ఈ కేసులో పనికిరాదు. పనికొచ్చేది ఆగస్టు 21 నాటి మెయిల్, అదీ మీకు వ్యతిరేకంగా.

నోటీసు పంపిన కస్టమర్‌ను చూసి మీరు భయపడుతున్నారు. ఆయనకు మీతో ఒప్పందం లేదు, ఆయన వివరాలు ఇచ్చింది దుకాణానికి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా తొలగించే బాధ్యత ప్రధానంగా దుకాణానిదే. మీరు వాళ్ల తరఫున డేటా చూసే ప్రాసెసర్ మాత్రమే. పైగా 2025 నవంబరులో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, తొలగింపు హక్కుకు సంబంధించిన సెక్షన్లు 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. ఈలోగా ఉన్నది ఐటీ చట్టం సెక్షన్ 43ఎ. స్కీం కోసం తీసుకున్న బ్యాంకు ఖాతా వివరాలు దాని కింద సున్నితమైన సమాచారమే కాబట్టి ఆ సెక్షన్ మీకూ తగులుతుంది. కానీ అక్కడ గెలవాలంటే మీ నిర్లక్ష్యంతో పాటు తనకు జరిగిన నష్టాన్నీ ఆయన రుజువు చేయాలి. ఫిర్యాదు వినేది రాష్ట్ర ఐటీ కార్యదర్శి హోదాలో ఉండే విచారణాధికారి. ఒక్క ఆఫర్ మెసేజికి 10 లక్షల నష్టం చూపించడం తేలిక కాదు.

మీకు అసలు ప్రమాదం ఆ 'అన్న' నుంచే. మీరు పంపిన ఒప్పందం 14వ క్లాజు చదివారా? మీ తప్పు వల్ల దుకాణానికి ఏ నష్టం వచ్చినా మీరే భరించాలని ఉంది, దానికి పరిమితి కూడా పెట్టలేదు. దుకాణం కస్టమర్‌కు 2 లక్షలిచ్చి రాజీపడినా, లాయర్ ఫీజుతో సహా ఆ మొత్తం మీ నుంచి రాబట్టుకోవాలని చూస్తుంది. అప్పుడు చూపించేది ఈ మెయిల్‌నే.

ఆ మెయిల్ పంపిన రోజే అబద్ధం. మీరు వాడేది అమెజాన్ ఆర్‌డీఎస్ మీద పోస్ట్‌గ్రెస్ అన్నారు. లైవ్ టేబుల్‌లో డిలీట్ కొడితే రీడ్ రెప్లికాలోనూ (చదవడానికి ఉంచే జంట కాపీ) పోతుంది, నిజమే. ఆటోమేటిక్ బ్యాకప్‌లు మీరు పెట్టిన వ్యవధి వరకే, గరిష్ఠంగా 35 రోజులు ఉండి వాటంతటవే రాలిపోతాయి. చేత్తో తీసిన స్నాప్‌షాట్ అలా కాదు, ఎవరో ఒకరు తొలగించేదాకా ఏళ్లయినా అలాగే ఉంటుంది. అమెజాన్ ఫైళ్ల నిల్వ ఎస్3లో పెట్టిన ఎక్సెల్ జాబితాలకు వెర్షనింగ్ (పాత ప్రతులను దాచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, డిలీట్ చేసినా పైన ఒక గుర్తు మాత్రమే పడుతుంది, కింద పాత వెర్షన్ అలాగే ఉంటుంది. ఇవన్నీ రోజూ చేతులతో చేసే మీకు తెలియనివి కావు. జూన్ స్నాప్‌షాట్ ఉందని తెలిసీ 'బ్యాకప్‌లతో సహా' అని రాశారు. ఎవరు రాయమన్నారు? 'లైవ్ డేటాబేస్ నుంచి ఫలానా తేదీన తీసేశాం, ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఇన్ని రోజుల్లో పోతాయి, ఫలానా స్నాప్‌షాట్‌లో ఇంకా ఉంది' అని మూడు ముక్కలు రాసి ఉంటే ఇవాళ మీ మీద ఈ వేలు లేచేదే కాదు.

టేబుళ్ల డిజైన్‌లో మీరు గమనించని తప్పు ఇంకొకటి ఉంది. కస్టమర్ టేబుల్‌కూ బిల్లుల టేబుల్‌కూ మధ్య 'ఆన్ డిలీట్ క్యాస్కేడ్' పెట్టారు. అంటే ఆ కస్టమర్ వరుసతో పాటే ఆయన బిల్లులన్నీ పోయాయి. కస్టమర్ కోరినా బిల్లు తీసేయకూడదు. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 36 ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. 2024-25 బిల్లుకు రిటర్న్ గడువు 2025 డిసెంబరు 31, కాబట్టి 2031 డిసెంబరు 31 దాకా అది ఉండాల్సిందే. దుకాణం లెక్కల్లో వేరే కాపీ లేకపోతే ఆ బిల్లు మిగిలింది జూన్ స్నాప్‌షాట్‌లోనే. మీరు తుడిచేస్తానంటున్నది దాన్నే.

సర్టిఫికెట్ ఆలోచన ఈ క్షణమే మానండి. పాత తేదీతో ఎలక్ట్రానిక్ పత్రం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ, దాన్ని నిజమైనదిగా వాడటం. కోర్టు అడిగే అవకాశమున్న ఎలక్ట్రానిక్ రికార్డును దొరక్కుండా చేయాలని తుడిచేస్తే సెక్షన్ 241, మూడేళ్ల దాకా జైలు. డబ్బుతో తేలిపోయే సివిల్ తగాదాను చేతులారా క్రిమినల్ కేసు చేసుకోవడమే ఇది. పైగా దాగదు కూడా. స్నాప్‌షాట్ తొలగిస్తే 'డిలీట్‌డీబీస్నాప్‌షాట్' అనే పేరుతో, చేసినవాడి యూజర్ పేరు, ఐపీ చిరునామా, సెకండ్లతో సహా సమయం అమెజాన్ కార్యకలాపాల లాగ్ అయిన క్లౌడ్‌ట్రెయిల్‌లో పడుతుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. సర్టిఫికెట్ ఫైల్ ఎప్పుడు పుట్టిందో ఆ ఫైలే చెబుతుంది.

ఇంతకీ మీకు మేలు చేసేది అక్టోబరు స్నాప్‌షాట్. మీరు ఆగస్టులో నిజంగా డిలీట్ చేశారని ఎలా రుజువు చేస్తారు? టేబుల్‌లో ఒక వరుస తీసేస్తే ఆ సంగతి క్లౌడ్‌ట్రెయిల్‌లో పడదు, దానికి పీజీఆడిట్ లాంటి, డేటాబేస్ లోపలి మార్పులు నమోదుచేసే సాధనం ముందే ఆన్ చేసి ఉండాలి. మీరు చేయలేదు. అక్టోబరు స్నాప్‌షాట్ తెరిస్తే అందులో ఆ కస్టమర్ ఉండడు. తీసేశామన్న మాట నిజమనీ, డిసెంబరు రిస్టోర్‌లో పొరపాటున తిరిగొచ్చాడనీ చెప్పే బలమైన సాక్ష్యం అదే. దురుద్దేశానికీ పొరపాటుకీ మధ్య తేడా చూపేదీ అదే.

ఇక గడువు. ఒప్పందం ఉల్లంఘించారని దుకాణం మీమీద దావా వేయడానికి ఉల్లంఘన నుంచి మూడేళ్ల కాలం ఉంది. మీ రక్షణకు కావలసిన లాగ్ మాత్రం మూడేళ్లు ఉండదు. లాగ్‌ను దాచే ట్రెయిల్ విడిగా పెట్టుకోకపోతే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ 90 రోజులే చూపిస్తుంది. డిసెంబరు 12 రిస్టోర్‌కు సంబంధించిన వరుసలు 2026 మార్చి 12కల్లా మాయమవుతాయి. అందుకే లాయర్‌ను వెతకడానికంటే ముందు ఇవాళే కన్సోల్ తెరవండి. ఈవెంట్ హిస్టరీ ఏ రీజియన్‌కు ఆ రీజియన్‌దే, మీ డేటాబేస్ ముంబయిలో ఉంటే ముంబయిదే ఎంచుకుని జేసన్ ఫైల్‌గా దించండి. తర్వాత లాగ్ ఫైల్ వాలిడేషన్ (లాగ్‌ను తర్వాత మార్చలేదని చూపే ఏర్పాటు) ఆన్ చేసి కొత్త ట్రెయిల్ పెట్టండి. దించిన ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, తేదీ వేసి మీ లాయర్‌కు మెయిల్ చేయండి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఆ హాష్ రాయాలి. ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు సంతకం చేస్తారు. ఈ పత్రం లేకుండా కోర్టుకు తెచ్చే ప్రింట్లకు విలువ రాబట్టడం కష్టం.

రెండు స్నాప్‌షాట్లనూ ఎవరూ ముట్టుకోని వేరే అకౌంట్‌లోకి కాపీ చేయండి. అమెజాన్ డిఫాల్ట్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే నేరుగా పంచుకోవడం కుదరదు. ముందు అమెజాన్ కీల సేవ కేఎంఎస్‌లో మీరు పెట్టుకున్న సొంత కీతో ఒక కాపీ తీసి, దాన్ని పంచుకోవాలి. ఆ అకౌంట్‌లోకి ఇద్దరికి మించి ప్రవేశం ఉండకూడదు. వ్యాజ్యం కోసం మాత్రమే ఉంచామని దుకాణానికి రాతపూర్వకంగా తెలపండి. లైవ్ డేటాబేస్‌లో ఆ కస్టమర్ పేరు, ఫోన్, ఖాతా వివరాలు మళ్లీ తీసేయండి, ఈసారి క్యాస్కేడ్ తెంచి, దుకాణం నుంచి రాతలో ఆదేశం తీసుకుని. బిల్లును జూన్ కాపీ నుంచి తిరిగి తేవాలి.

మీరు అసలు అడగని ప్రశ్న ఒకటుంది. సంక్రాంతి మెసేజి ఏ జాబితా నుంచి పోయింది? మీరు కలిపిన టేబుల్ నుంచేనని మీకు మీరే అనేసుకున్నారు. షాపు మార్కెటింగ్ వాళ్లు నిరుడు దించుకున్న ఎక్సెల్‌నే ఎస్ఎంఎస్ పంపే ఏజెన్సీకి ఇచ్చి ఉండొచ్చు. ఏ ఫైల్, ఏ రోజు అప్‌లోడ్ అయింది, ఏ నంబరుకు డెలివరీ అయింది అన్న రిపోర్టు ఏజెన్సీ దగ్గరుంటుంది. దాన్ని రాతపూర్వకంగా అడగండి. ఫైల్ డిసెంబరు 12కు ముందుదైతే మీ రిస్టోర్‌కూ ఆ మెసేజికీ సంబంధమే తెగిపోతుంది. అది తేలేదాకా 'మా వల్లే జరిగింది' అని ఎక్కడా, వాట్సాప్‌లో కూడా, రాయకండి.

నోటీసులోని 15 రోజులు చట్టం పెట్టిన గడువు కాదు, అలాగని మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు వాదిస్తారు. దుకాణంతో కలిపి కాకుండా విడిగా జవాబివ్వండి. ఆ కస్టమర్‌కు మీతో ఒప్పందం లేదనీ, ఆగస్టులో లైవ్ డేటాబేస్ నుంచి తీసేశారనీ, ఇప్పుడు మళ్లీ తీసేశారనీ, రికార్డులు భద్రపరిచారనీ రాస్తే చాలు. 'శాశ్వతంగా' అన్న మాట మళ్లీ రాయకండి.

ఇకముందు తొలగించినవారి పట్టీ ఒకటి వేరుగా పెట్టండి. అందులో ఫోన్ నంబరు ఉండకూడదు, రహస్య కీ కలిపి తీసిన హాష్, అంటే హెచ్‌మ్యాక్ ఉండాలి. ఉత్త హాష్ చాలదు, పది అంకెల నంబర్లన్నీ వరసగా ప్రయత్నిస్తే కంప్యూటర్ దాన్ని ఇట్టే విప్పుతుంది. ఏ రిస్టోర్ తర్వాతైనా ఈ పట్టీతో డిలీట్ మళ్లీ నడిపాకే అప్లికేషన్ తెరవాలి.

మీ 6 లక్షల 40 వేల సంగతి. డబ్బు ఇచ్చేదాకా డేటాబేస్ లాక్ చేద్దామన్న ఊహ ఉంటే అదీ వద్దు, ఐటీ చట్టం 43, 66 కిందకు వస్తుంది. మీకు రావలసిన మూడు బిల్లుల్లో పాతది 2023 మేలో పూర్తయిన పనిది, దానికి 2026 మేలో కాలదోషం పడుతుంది. ఫోన్లో 'చూద్దాంలే' అన్నది లెక్కకు రాదు. ఆలోపు బాకీ ఒప్పుకుంటూ ఓనర్ రాసిన సంతకం కాగితమో మెయిలో ఉంటే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. పాత మెయిళ్లు వెతకండి. పని చేసే నాటికే ఉద్యమ్ (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉంటే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. లేకపోతే కమర్షియల్ దావాయే. మొత్తం 3 లక్షలు దాటింది కాబట్టి, అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు తప్పనిసరి. ఆ దరఖాస్తు ఏప్రిల్‌లోపే వేయండి.