అర్ధరాత్రి దాకా ఎర్రర్లతో కూర్చునే అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. వాడు ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి డెబియన్ లినక్స్ వేసుకున్నాడు. రాత్రి రెండింటికి లేచి చూసినా ఏవో డిపెండెన్సీలు కలవడం లేదంటూ తెర ముందే ఉంటాడు. వాడి స్నేహితులందరూ ఏఐ కోర్సుల్లో చేరారు. లక్షన్నర ఫీజు నేను కడతానన్నా వీడు వద్దంటున్నాడు. విసిగిపోయి, వాడు పరీక్షకు వెళ్లిన రోజు ల్యాప్‌టాప్‌ను షాపుకు తీసుకెళ్లి మళ్లీ విండోస్ వేయించాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. ఏఐ కోర్సు, ఈ లినక్స్ పని, రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఈ ప్రశ్న ఏటా నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మాత్రమే మారుతుంది: ఒకప్పుడు జావా, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. మీరు పోలిక అడిగారు గానీ మీ ఉత్తరం నిండా ఉన్నది వేరే భయం. నలుగురి పిల్లలూ నడిచే దారిలో మనవాడు లేడు, రేపు ఉద్యోగం రాకపోతే ముందే ఎందుకు ఆపలేదని అందరూ మిమ్మల్నే అడుగుతారు. కనుక ముందు ఆ భయానికే జవాబు చెబుతాను. మీ అబ్బాయి దారి తప్పలేదు. అతను కూర్చున్నది కాలక్షేపానికి కాదు.

మీ వ్యాపారంలోని మాటలతోనే చెబుతాను. పాత మోడల్ బేరింగ్ కొత్త మోడల్‌లో కూర్చోదని, ఒక భాగం మారిస్తే దానికి ఆనుకుని ఉన్న భాగం కూడా మార్చాల్సి రావచ్చని తెలియని కుర్రవాడిని మీరు కౌంటర్ దగ్గర కూర్చోబెట్టరు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఏ ప్రోగ్రామూ తనంతట తాను నడవదు. ఫైలును కుదించడానికి ఒక లైబ్రరీ (అంటే ముందే రాసిపెట్టిన కోడ్), నెట్‌వర్క్‌లో రహస్యంగా మాట్లాడడానికి ఇంకొకటి, ఆ రెండింటికీ అడుగున మరొకటి ఉంటాయి. మీ అబ్బాయి కలవడం లేదంటున్న డిపెండెన్సీలు ఇవే. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ తనకు ఏ లైబ్రరీ కావాలో, కనీసం ఏ వెర్షన్ కావాలో, ఏ ప్యాకేజీతో తనకు పొసగదో ముందే రాసి పెడుతుంది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో ఇలాంటి ప్యాకేజీలు 69 వేలకు పైగా ఉన్నాయి. ఒక ప్రోగ్రాము కావాలనగానే, వీటిలో ఒకదానితో ఒకటి గొడవపడని సమూహాన్ని ఏరి తేవడం ఏపీటీ అనే పనిముట్టు బాధ్యత. ఇది కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే చాలా కఠినమైన సమస్యల తరగతికి చెందినదని నిరూపితమైంది. ఫెడోరా లినక్స్‌లోని డీఎన్‌ఎఫ్ ఇందుకోసం తర్కశాస్త్రపు సూత్రాలను సాధించే ప్రత్యేకమైన సాల్వర్‌నే వాడుతుంది. ఇంతటి చిక్కుముడి ముందు ఇరవై ఏళ్ల అబ్బాయి రాత్రి రెండు దాకా కూర్చుంటే దాన్ని బద్ధకమని ఎలా అంటాం?

అయితే అతని తప్పు కూడా కొంత ఉండవచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఉబుంటు అనే మరో లినక్స్ కోసం తయారైన ప్యాకేజీలను తెచ్చి డెబియన్‌లో కలిపేస్తారు. డెబియన్ వాళ్లే ఇలా చేయవద్దని గట్టిగా హెచ్చరిస్తారు. అలాగే పైథాన్ లైబ్రరీలను నేరుగా సిస్టమ్‌లోకి దించుతారు. డెబియన్ 12 నుంచి ఆ దారి మూసేసి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే విడి గది లాంటిది సృష్టించుకుని అందులో దించుకోమని సిస్టమే చెబుతుంది. అతని రాత్రుల్లో సగం ఈ రెండు తప్పుల వల్లే పోయాయేమో ఒకసారి అడిగి చూడండి. పోయినా ఆ సమయం వృథా కాదు. ఎందుకు వద్దన్నారో చేతులు కాల్చుకుని తెలుసుకున్నవాడు కంపెనీ సర్వర్ మీద ఆ తప్పు చేయడు.

ఇక మీరు లక్షన్నర కట్టాలనుకుంటున్న కోర్సు సంగతి. ఏఐ అనే శాస్త్రం మీద నాకు అనుమానం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా చదివి, ఆ తర్వాత మెషీన్ లెర్నింగ్‌లోకి వెళ్లే విద్యార్థిని నేనే ప్రోత్సహిస్తాను. నా అనుమానమంతా ఆరు నెలల్లో ఏఐ ఇంజినీర్‌ను చేస్తామనే కోర్సుల మీద. వాటిని పూర్తిచేసి నా దగ్గరకు వచ్చిన పిల్లల రెజ్యూమెల్లో ప్రాజెక్టులు దాదాపు ఒకేలా ఉంటాయి: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో ఊహించడం, ఇళ్ల ధరలను అంచనా వేయడం. అన్నీ ముందే సిద్ధంచేసి పెట్టిన ఆన్‌లైన్ నోట్‌బుక్‌లో నడిపినవే. సొంత కంప్యూటర్‌లో అదే ప్రాజెక్టును మొదటి నుంచి నిలబెట్టి చూపమంటే చాలామంది ఆగిపోతారు. పైటార్చ్ అనే లైబ్రరీ గ్రాఫిక్స్ కార్డు మీద నడవాలంటే దానికి తగిన CUDA అనే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్ వెర్షన్ కావాలి, ఆ వెర్షన్‌కు తగినంత కొత్త ఎన్‌విడియా డ్రైవర్ కావాలి, పైథాన్ వెర్షన్ కూడా సరిపోవాలి. అంటే మీరు చేర్పించాలనుకుంటున్న ఏఐకి అడుగున ఉన్నదీ మీ అబ్బాయి కుస్తీ పడుతున్న డిపెండెన్సీలే. ఇతను ఆ అడుగు నుంచి పైకి వస్తున్నాడు. అతని స్నేహితులు పై అంతస్తులో కూర్చున్నారు గానీ మెట్లు ఎక్కడున్నాయో వారికి ఎవరూ చూపించలేదు.

ఈ విద్యకు లోకంలో ఎంత విలువ ఉందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్‌లోని ఇంకా విడుదల కాని వెర్షన్ మీద పనిచేస్తుండగా, సర్వర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. వదిలేయకుండా తవ్వుతూ వెళ్లగా, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు అమర్చిన సంగతి బయటపడింది. నిజానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు ఆ లైబ్రరీతో ఏ పనీ లేదు. కానీ డెబియన్ వంటి కొన్ని లినక్స్‌లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను సిస్టమ్‌డీ అనే మరో లైబ్రరీతో కలిపాయి, ఆ సిస్టమ్‌డీకి ఎక్స్‌జెడ్ కావాలి. అలా ఎవరూ కోరి పిలవని మూడో మనిషి ఇంట్లోకి వచ్చాడు. ఆ మార్పు చేసిన వ్యక్తి రెండేళ్లకు పైగా మంచి కోడ్ అందిస్తూ, నమ్మకం సంపాదించుకుని, ఆ ప్యాకేజీ నిర్వహణలో భాగస్వామి అయ్యాడు. ఫ్రాయిండ్ మార్చి 29న దాన్ని బయటపెట్టడంతో డెబియన్ స్థిర వెర్షన్‌లోకి చేరకముందే ప్రమాదం తప్పింది. ఏది దేని మీద ఆధారపడి ఉందో గొలుసు పట్టుకుని వెనక్కి నడవగలిగిన మనిషి ఒక్కడు ఆ రోజు లెక్కలేనన్ని సర్వర్లను కాపాడాడు.

ఆ గొలుసును రాసి ఉంచమని ఇప్పుడు ప్రభుత్వాలే అడుగుతున్నాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలు, ఏయే వెర్షన్లు ఉన్నాయో తెలిపే జాబితా కోసం మన దేశ సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి జాబితానే తయారుచేయమంటూ 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య చట్టంలోని ముఖ్య బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి కంపెనీలకు వర్తిస్తాయి. మీ దుకాణంలోని విడిభాగాల జాబితా లాంటిదే ఇది. దాన్ని తయారుచేయడానికి, అందులో లోపం దొరికితే ఎక్కడెక్కడ మార్చాలో చెప్పడానికి మనుషులు కావాలి.

ఒక్క విషయం మాత్రం దాచను. డిపెండెన్సీల నిర్వాహకుడు అనే పేరుతో ఫ్రెషర్‌కు ఉద్యోగ ప్రకటన దాదాపు రాదు. ఈ పని లినక్స్ అడ్మినిస్ట్రేషన్, డెవాప్స్ (రాసిన కోడ్‌ను సర్వర్ల మీద నడిపించే పని), బిల్డ్ అండ్ రిలీజ్, సెక్యూరిటీ ఉద్యోగాల లోపల ఉంటుంది. వాటిలో చాలావరకు ఒకటి రెండేళ్ల అనుభవం అడుగుతాయి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ముందుగా చూసేది ఆప్టిట్యూడ్‌నూ కోడింగ్‌నూ. కాబట్టి రోజుకు గంటన్నర దానికి కేటాయించమని అతనికి చెప్పాలి, ఈ విషయంలో నేను మీ పక్షమే. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ నిర్వహణలో పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాస్తే మంచిదే. అందులో బిట్లు ఉండవు, నడుస్తున్న సిస్టమ్ మీద పని చేసి చూపాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. కొడుకు పరీక్ష రాస్తుండగా అతని ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చెరిపించడం చాలా పెద్ద తప్పు. మీ దుకాణంలో ఇరవై ఏళ్లుగా ఏ అరలో ఏముందో రాసుకున్న పుస్తకాన్ని ఎవరో మీరు లేనప్పుడు చించేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అతను నెలల తరబడి సరిచేసుకున్న సెట్టింగులు, రాసుకున్న నోట్సు, సగంలో ఉన్న పనులు అందులో పోయి ఉంటాయి. ఒక్కసారైనా పక్కన కూర్చుని ఏం చేస్తున్నావని అడిగారా? మీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ కనిపించలేదు. భవిష్యత్తు గురించి మీకున్న ఆందోళన నిజమైనదే, కానీ దాని బరువంతా మీరు ఆ పిల్లవాడి ల్యాప్‌టాప్ మీద మోపారు.

పోలిక అడిగారు గనుక, ఈ ఏడాదికి నా మాట ఇది: కోర్సు వద్దు. డెబియన్‌లో నిర్వహించేవారు వదిలేసిన ప్యాకేజీల జాబితా ఎప్పుడూ బహిరంగంగా ఉంటుంది. అందులోంచి చిన్నదొకటి ఎంచుకుని, దాని లోపం ఒకటి సరిచేసి పంపమనండి. కొత్తవారి పనిని పరిశీలించి, తమ పూచీ మీద లోపలికి చేర్చే సీనియర్లు అక్కడ ఉంటారు. మొదటిసారి తిప్పి పంపుతారు, రెండోసారీ పంపవచ్చు. అంగీకరించాక మార్పుల చిట్టాలో తేదీతో సహా అతని పేరు నిలుస్తుంది, ఇంటర్వ్యూ చేసేవారు దాన్ని తెరిచి చూడగలరు. ప్రపంచ డెబియన్ వార్షిక సమావేశం 2023లో మన దేశంలోనే, కేరళలోని కొచ్చిలో జరిగింది. ఈ పని చేసేవారు మనకు అందనంత దూరంలో ఏమీ లేరు.

ఆ లక్షన్నరలో కొద్దిగా తీసి ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. ఆదివారం దుకాణం మూశాక దాన్ని అతని చేతికిచ్చి, చేసిన తప్పు ఒప్పుకుని, విండోస్ తీసేసి డెబియన్ మళ్లీ వేసుకోమనండి. వేస్తున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.