పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఔలీ వాలు మీద మంచు ఎంత, ఎప్పుడు?

ప్రశ్న: జనవరి చివరి వారంలో పిల్లలతో కలిసి ఉత్తరాఖండ్‌లోని ఔలీకి వెళ్లాలని టికెట్లు తీసుకున్నాం. పది రోజుల నుంచి ఫోన్‌లో వాతావరణ సూచన చూస్తున్నాను. మొదట మూడు రోజులు మంచు పడుతుందని చూపింది. మర్నాటికి ఆ గుర్తులన్నీ మాయమయ్యాయి. ఇప్పుడు మరో యాప్ అవే తేదీలకు వాన చూపుతోంది. దేన్ని నమ్మాలో దయచేసి చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు చూసిన మూడు సూచనల్లో ఏ ఒక్కటీ ఔలీ వాలును ఉద్దేశించి తయారుచేసింది కాదు. యాప్‌లకు అంకెలు అందించే కంప్యూటర్ నమూనాలు భూమిని గళ్లుగా విభజించి, ఒక్కో గడికి ఒక సగటు ఎత్తు తీసుకుని లెక్క కడతాయి. ఐరోపా వాతావరణ సూచనల కేంద్రం నమూనాలో ఆ గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా వారి జీఎఫ్ఎస్‌లో సుమారు 13 కిలోమీటర్లు, మన దేశం 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లు ఉంటుంది. కోనసీమలో ఆరు కిలోమీటర్లు నడిచినా నేల ఎత్తు మారదు కాబట్టి అక్కడ సగటుతో పెద్ద తేడా రాదు. ఔలీ దగ్గర మాత్రం అంత దూరంలోనే 1,400 మీటర్ల ఎత్తున పారే అలకనంద, సుమారు 1,900 మీటర్ల ఎత్తున జోషీమఠ్, 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య స్కీ వాలు, ఆపైన ఇంకా ఎత్తైన గట్లు అన్నీ ఇమిడిపోతాయి. వీటన్నిటికీ కలిపి చెప్పిన ఒక్క ఉష్ణోగ్రతను మనం ఔలీ ఉష్ణోగ్రతగా చదువుకుంటున్నాం.

అందువల్ల ఫోన్‌లోని మంచు బొమ్మను వదిలిపెట్టి రెండు అంకెలు చూడండి. మొదటిది ఉష్ణోగ్రత, అది ఏ ఎత్తుకు సంబంధించినదన్నది దానితో కలిపే చూడాలి. సగటున కిలోమీటరు పైకి వెళితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. యాప్ జోషీమఠ్‌కు 8 డిగ్రీలు చూపితే, ఔలీ పైఅంచు అంతకంటే దాదాపు 1,100 మీటర్లు ఎత్తు కనుక అక్కడ ఒక డిగ్రీకి అటూ ఇటూ ఉంటుంది, కింది అంచున నాలుగు డిగ్రీలు ఉంటుంది. మంచు రేకులు కరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీల దగ్గర కూడా అవి నేలను చేరతాయి. సున్నా డిగ్రీలు ఉన్న ఎత్తుకు సుమారు 300 మీటర్ల కింది దాకా మంచుగానే పడుతుందన్నది కొండప్రాంతాల్లో పాటించే ఒక ఉజ్జాయింపు. అంటే ఒకే మబ్బు ఔలీ పైభాగాన మంచు, కింది అంచున మంచూ వానా కలిసిన జల్లు, జోషీమఠ్‌లో వట్టి వాన కురిపించవచ్చు. మీ రెండు యాప్‌లలో ఒకటి మంచు, మరొకటి వాన చూపడానికి అవి అనుకున్న ఎత్తుల్లో రెండు మూడు వందల మీటర్ల తేడా ఉన్నా చాలు.

రెండో అంకె నీటి పరిమాణం. సూచనలో 10 మిల్లీమీటర్లు అని ఉంటే, చలి తగినంత ఉన్నప్పుడు అది సుమారు 10 సెంటీమీటర్ల తాజా మంచు అవుతుంది. బాగా చలిగా, పొడిగా ఉంటే ఇంకొంత ఎక్కువ, సున్నా దగ్గర తడిమంచుగా పడితే తక్కువ. ఒక మిల్లీమీటరుకు కూడా బొమ్మ మంచుదే వస్తుంది, కానీ దానితో నేల తెల్లబడడం కూడా కష్టమే.

ఇక తేదీల సంగతి. మన కోస్తాకు వానలు బంగాళాఖాతంలోని అల్పపీడనాల నుంచి వచ్చినట్టే, ఔలీకి శీతాకాలపు మంచు పశ్చిమ అలజడుల నుంచి వస్తుంది. ఇవి మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఎత్తైన వాయుమండలంలో వేగంగా వీచే పశ్చిమ గాలుల వెంట ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా హిమాలయాలకు చేరతాయి. నెలకు కొన్ని వస్తాయి, అయితే ప్రతిదీ మంచు కురిపించదు. కొన్ని కాశ్మీర్ మీదుగా ఉత్తరంగా జారిపోతాయి, కొన్ని తేమ లేక పలచటి మేఘాలతో సరిపెడతాయి. పది రోజుల ముందు సూచనలో కనిపించేది ఇంకా మధ్యధరా దగ్గర కూడా పుట్టని అలజడి. అది వచ్చే దారి రెండు మూడు వందల కిలోమీటర్లు పక్కకు జరిగితే ఔలీ లెక్క మొత్తం తారుమారవుతుంది. మీ ఫోన్‌లో గుర్తులు ఒక్క రోజులో పోవడానికి కారణం ఇదే కాబట్టి, అంతకుముందు చూపినది అబద్ధమని అనుకోనక్కర్లేదు.

నేనైతే ఇలా చదువుతాను. పది రోజుల ముందు సూచనను పట్టించుకోను. ప్రతి గురువారం భారత వాతావరణ శాఖ విడుదల చేసే విస్తృత కాల సూచనలో రాబోయే రెండు వారాలు మామూలు కంటే పొడిగా ఉంటాయా, తడిగా ఉంటాయా అన్నది మాత్రం గమనిస్తాను. అయిదు రోజుల ముందు, వేర్వేరు నమూనాలు ఒకే అలజడిని ఒకే రోజుకు చూపుతున్నాయా అని పోల్చి చూస్తాను. మూడు రోజుల ముందు నుంచి డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం ప్రకటనను ప్రమాణంగా తీసుకుంటాను, ఎందుకంటే అది ఔలీ ఉన్న చమోలీ జిల్లా పేరు పెట్టి, ఎన్ని మీటర్ల ఎత్తుకు పైన మంచు పడుతుందో విడిగా చెబుతుంది. ఆ ప్రకటనలో ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట, మన రేడియో వార్తల్లో విన్నట్టే, ఆ ప్రాంతపు కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల అని అర్థం. ఆ ఒకటి రెండింట్లో ఔలీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

పిల్లల విషయంలో ఒక్క మాట సూటిగా చెప్పాలి. జనవరి అంటే మంచు ఉండి తీరుతుందన్న హామీని ఎవరూ ఇవ్వలేరు. 2023 ఫిబ్రవరిలో ఔలీలో జరగవలసిన జాతీయ శీతాకాల క్రీడలు మంచు లేక రద్దయ్యాయి. 2024 జనవరిలో ఔలీ కంటే ఎత్తైన, పెద్దదైన గుల్‌మార్గ్ వాలులు కూడా చాలా రోజులు గోధుమరంగు గడ్డితోనే కనిపించాయి. మంచు నెలాఖరుకు గానీ రాలేదు. తేదీలు మార్చుకునే వీలున్న టికెట్టయితే, అలజడి దాటిపోయిన మర్నాటికి చేరేలా చూసుకోండి. అప్పుడు ఆకాశం తేటపడుతుంది, తాజా మంచు మీద నందాదేవి శిఖర దర్శనం కూడా దొరుకుతుంది. మంచు పడుతున్న రోజునే చేరాలనుకుంటే జోషీమఠ్ నుంచి పైకి వెళ్లే రోడ్డు మూతపడి, కిందనే ఆగిపోవలసి రావచ్చు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు పగుళ్లిచ్చినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వేను ఆపేశారు కాబట్టి, దాని మీద ఆధారపడి ప్రయాణం వేసుకోవద్దు. బదరీ యాత్ర చేసిన మన పెద్దలకు నరసింహస్వామి గుడి ఉన్న ఊరిగా జోషీమఠ్ తెలిసే ఉంటుంది. 2024 నుంచి దాని అధికారిక నామం జ్యోతిర్మఠ్ కావడంతో యాప్‌లలో రెండు పేర్లతోనూ వెతకడం మంచిది.

ప్రశ్న: ఫిబ్రవరిలో ఏడు రోజుల స్కీయింగ్ కోర్సులో చేరుతున్నాను. ఫోన్ చేసి అడిగితే “రెండడుగుల మంచుంది” అంటున్నారు. నేర్చుకోవడానికి అది చాలా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఎంత మంచుందని అడిగారు, బాగానే ఉంది. ఎప్పటి మంచు, ఏ ఎత్తున కొలిచారు అని కూడా అడగవలసింది. తాజా మంచులో అధికభాగం గాలే. ఒక ఘనమీటరు తాజా మంచు సుమారు వంద కిలోలు తూగితే, స్నో బీటర్ యంత్రం అణిచిన మంచు నాలుగు వందల కిలోలు తూగుతుంది. అంటే నిన్న రాత్రి పడిన రెండడుగులు చదును చేసేసరికి అరడుగు అవుతాయి. నెల రోజులుగా పేరుకుని, తనంతట తాను అణిగిన రెండడుగులైతే అది గట్టి పునాది. ఔలీ వాలు చాలావరకు గడ్డినేల కావడం వల్ల, రాళ్లు తేలిన వాలుల కంటే తక్కువ మంచుతో పని జరుగుతుంది. అణిచిన మంచు ఒక అడుగు ఉంటే నేర్చుకునేవారికి ఇబ్బంది ఉండదు. అయితే పైఅంచున కొలిచిన అడుగు, మీరు నేర్చుకునే చోట ఉంటుందని అనుకోకండి.

లోతు కంటే ముఖ్యమైనది మంచు స్థితి. పిండిలా పొడిగా ఉన్న మంచు అనుభవజ్ఞులకు ఎంతో ఇష్టం, కానీ కొత్తవారి స్కీలు అందులో కూరుకుపోతాయి. మీకు కావలసింది యంత్రం అణిచిన, గట్టి పడని మంచు. భయపడవలసింది అద్దంలా గడ్డకట్టిన పొరకు, ఎందుకంటే దాని మీద స్కీ అంచు పట్టు దొరకదు, పడితే దెబ్బ కూడా గట్టిగా తగులుతుంది. ఫిబ్రవరిలో ఎండకు మధ్యాహ్నం పైపొర కరిగి, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. గాలి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలున్నా సరే, మేఘాలు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి సున్నా కంటే కిందికి చల్లబడుతుంది. మన అల్లూరి జిల్లా లంబసింగిలో థర్మామీటరు సున్నాకు పైనే ఉన్నా తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లటి పొర కనిపించడం ఇందువల్లే. కాబట్టి సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు రాత్రి ఆకాశం మబ్బుగా ఉందా, తేటగా ఉందా అన్నది చూడండి. తేటగా ఉంటే ఉదయం తొమ్మిదింటికి వాలు గాజులా ఉంటుంది. పదకొండు దాకా ఎండ తగిలితే మెత్తబడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత తడిసి ముద్దయి బరువెక్కుతుంది. వాలు ఉత్తరం వైపు తిరిగి ఉండడం ఔలీకి పెద్ద వరం, ఏటవాలుగా పడే శీతాకాలపు ఎండ దాన్ని నేరుగా తాకదు. అందుకే పక్కనున్న, దక్షిణం వైపు తిరిగిన గట్లు బోడిగా కనిపించే రోజుల్లోనూ అక్కడ మంచు నిలుస్తుంది.

ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కోర్సులు ఏడు రోజులవీ, పద్నాలుగు రోజులవీ ఉన్నాయి. ఏడు రోజుల్లో ఒక అలజడి వస్తే రెండు రోజులు పోతాయి. సెలవు దొరికితే రెండోదే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: ‘రేపు దట్టంగా మంచు కురుస్తుంది’ అని తెలుగు వార్తల్లో చదివితే అది పొగమంచో, హిమపాతమో తెలియడం లేదు. సరైన పదం ఏది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మన వాడుకలో గడ్డి మీది బిందువులూ మంచే, రోడ్డు కనిపించకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. మైదానాల్లో ఆ తేడాతో అవసరం పడలేదు. వాతావరణ సూచనలో మాత్రం పొగమంచు, హిమపాతం అని విడదీసి రాయవలసిందే. ఉత్తర భారతంలో ఒకే రోజు మైదానానికి మొదటిదీ, కొండలకు రెండోదీ సూచిస్తారు కాబట్టి ప్రయాణికులకు ఈ పొరపాటు ఖరీదైనది.

ప్రశ్న: ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కృత్రిమ సరస్సు, మంచు తయారుచేసే యంత్రాలు పెట్టారని చదివాను. మరి మంచు లేక పోటీలు ఎందుకు ఆగుతున్నాయి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ యంత్రం మంచును తయారు చేయదు, నీటిని సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతుంది. దాన్ని గడ్డకట్టించవలసింది అక్కడి చలిగాలే. ఆ గాలి శక్తి ఎంతన్నది మామూలు థర్మామీటరు చెప్పదు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెబుతుంది. వేసవిలో మట్టికుండ చెమర్చి నీరు చల్లబడుతుంది కదా, గాలి పొడిగా ఉన్నకొద్దీ ఇంకా చల్లబడుతుంది. తుంపర విషయంలోనూ అంతే. తడి థర్మామీటరు సుమారు మైనస్ రెండున్నర డిగ్రీలకు దిగితేనే పని సాగుతుంది. గాలి బాగా పొడిగా ఉంటే మామూలు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైనున్నా యంత్రం నడపవచ్చు, తేమగా ఉంటే మైనస్ రెండులో కూడా వీలుపడదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా యంత్రపు మంచు మీదే జరిగాయంటే, అక్కడి శీతాకాలం ఎముకలు కొరికేంత చలిగానూ, పొడిగానూ ఉండడం ఒక ముఖ్య కారణం. సహజ మంచు పడని వెచ్చని శీతాకాలాల్లో ఔలీలో యంత్రాలకు కావలసిన చలి గంటలూ తగ్గిపోతాయి. సాయం అవసరమైన ఏడే సాయం దొరకదు.

నీటి లెక్క కూడా చూడండి. ఒక హెక్టారు వాలు మీద ఒక అడుగు మందాన యంత్రపు మంచు పరచాలంటే దాదాపు 13 లక్షల లీటర్ల నీరు కావాలి. దాన్ని కొండమీద నిల్వచేసి, గొట్టాల్లో గడ్డకట్టకుండా చూసి, ఒత్తిడితో చిమ్మాలి. ఇంతా చేసినా దక్కేది పోటీలకు సరిపోయే ఒక పట్టీ మాత్రమే, కొండ మొత్తం తెల్లబడదు. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా పోటీలను వాయిదా వేసి, మంచు పడ్డాక మార్చి 9 నుంచి 12 వరకు నిర్వహించారు. చిన్న స్కీ కేంద్రాలు తమ పోటీలకు ఒక తేదీ కాకుండా, నాలుగైదు వారాల గడువు ప్రకటించుకోవడమే నాకు ఆచరణీయంగా తోస్తోంది.

ప్రశ్న: మేం ఔలీలో ఉండగా ‘ఆరెంజ్’ హెచ్చరిక ఇస్తే వెనక్కి వచ్చేయాలా? ఔలీ పైనున్న పచ్చిక మైదానం గోర్సన్ బుగ్యాల్ దాకా నడక మానుకోవాలా?
– మిత్రబృందం, గుంటూరు

జవాబు: వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఆరెంజ్ వచ్చిన సాయంత్రమే లోయలోకి దిగడమా, రెండు రోజుల తిండి, మందులు, వెచ్చని బట్టలు చూసుకుని గదిలోనే ఉండడమా అన్నది నిర్ణయించుకోవాలి. మంచు మొదలయ్యాక చీకట్లో ఆ మలుపుల్లో దిగడం అన్నిటికంటే ప్రమాదం.

నడక సంగతి వేరు. హిమసంపాతాల (కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడడం) హెచ్చరికలను చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ విడిగా, అయిదు స్థాయుల్లో ఇస్తుంది. వాతావరణ సూచన ‘రేపు ఎండ’ అన్న రోజున కూడా ఈ హెచ్చరిక అమల్లో ఉండవచ్చు, ఎందుకంటే కొత్తగా పడిన మంచు కింది పాత పొరతో కలిసి నిలదొక్కుకోవడానికి సమయం పడుతుంది. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులే ఎక్కువగా జారతాయి. ఔలీలో నేర్చుకునేవారి వాలు అంత నిటారుగా ఉండదు, కానీ మీరు నడిచే దారి పైనున్న గట్టు ఉండవచ్చు. అదే చమోలీ జిల్లాలో, బదరీనాథ్ దాటాక వచ్చే మానా దగ్గర 2025 ఫిబ్రవరి 28న రోడ్డు పనివారి శిబిరం మీద హిమసంపాతం విరుచుకుపడి ఎనిమిది మంది చనిపోయారు. పెద్ద మంచు పడ్డాక కనీసం రెండు రోజులు గోర్సన్ వైపు కదలకండి. ఆ తర్వాత కూడా ఉదయాన్నే స్థానిక గైడ్‌ను అడగండి. అతను వద్దంటే, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా ఆ రోజుకు ఔలీ వాలు మీదే ఉండిపోండి.