పాప ఎప్పుడొస్తుందో తెలియదు, డబ్బు ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. నాకు 38, మా వారికి 41. రెండేళ్ల ఏడు నెలల కింద దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారాలో నమోదు చేసుకున్నాం. రెండేళ్లలోపు పాప కావాలని పెట్టాం. ఆయనకు చేతికొచ్చే జీతం 64,000. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, 28,000 వస్తుంది. ఇంటి లోను వాయిదా 21,500, ఐదు లక్షల చిట్టీకి 10,000, అత్తమ్మ మందులకు 3,500, ఇంటి ఖర్చు 34,000. చిట్టీ 50 నెలలది, 31 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. నా పేరున ఒకే బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో 6.4 లక్షలు, ఎఫ్‌డీలో 3 లక్షలు ఉన్నాయి. ఎప్పుడు పిలుపొస్తుందోనని వాటిని ముట్టుకోవడం లేదు. డాబా కురుస్తోంది, నాకు రూట్ కెనాల్ చేయించుకోవాలి. అన్నిటికీ ‘పాప వచ్చాక చూద్దాం’ అనుకుంటున్నాం. చిట్టీ ఇప్పుడే పాడి డబ్బు తెచ్చి పెట్టుకోమని మా ఆడపడుచు అంటోంది. మా వారికి మస్కట్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంకొకాయన నాలుగు లక్షలిస్తే నెలలో పాపను ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నాలుగు లక్షలాయన సంగతి. ఆయన నంబరు ఫోన్‌లోంచి తీసేయండి. చట్టప్రకారం కాకుండా బిడ్డను తీసుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. బిడ్డను కొనడం, అమ్మడం కిందికి వస్తే 81వ సెక్షన్, ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష. అమ్మినవాడికే కాదు, కొన్నవారికీ. కేసయితే ఆ బిడ్డ మళ్లీ శిశుగృహకే పోతుంది. మీ ఫైలూ పోతుంది.

ఇక అసలు లెక్క. దత్తతకయ్యే అధికారిక ఖర్చు చాలామంది భయపడేంత ఉండదు. దేశంలో ఉండే దంపతులకు హోమ్ స్టడీకి, అంటే సోషల్ వర్కరు మీ ఇంటి పరిస్థితి చూసి రిపోర్టు రాయడానికి, 6,000, బిడ్డను ఇచ్చే సంస్థకు శిశు సంరక్షణ నిధి కింద 50,000. బిడ్డ ఇంటికొచ్చాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు, దానికి కొద్ది మొత్తం. అంతకుమించి ‘విరాళం’ అడగడానికి ఏ సంస్థకూ హక్కు లేదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, చేతికి నగదు ఇవ్వకండి.

మీ డబ్బును తినేస్తున్నది దత్తత కాదు, ఎదురుచూపు. 9.4 లక్షలను రెండున్నరేళ్లుగా కదలకుండా ఉంచారు. అందులో మూడింట రెండొంతులు సేవింగ్స్ వడ్డీ మీదే నడుస్తోంది. పైగా అంతా ఒకే బ్యాంకులో, ఒక్కరి పేరునే ఉంది. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి ఐదు లక్షల వరకే. కొంత మీ వారి పేరున వేరే బ్యాంకుకు మార్చండి. ఈ పని ఈ వారంలోనే అయిపోవాలి.

దేశంలోపలి దత్తతకు ఎదురుచూపు ఈమధ్య మూడున్నరేళ్ల చుట్టూ తిరుగుతోంది. ఆ లెక్కన మీకింకా ఏడాది పట్టవచ్చు, రేపే ఎస్సెమ్మెస్ రావచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. తేదీ తెలియదు కాబట్టి డబ్బును తేదీ ప్రకారం సర్దలేం. పిలుపొచ్చాక ఏది ఎంత తొందరగా కావాలో చూసి సర్దాలి.

కారా పోర్టల్లో పాప వివరాలు కనిపించిన క్షణం నుంచి ఆమెను మీ కోసం రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలే ఉంటాయి. ఆ గడువులో డబ్బు పెద్దగా అక్కర్లేదు, నిర్ణయమే కావాలి. వైద్య నివేదికను మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకోవచ్చు. ఆ డాక్టరెవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఆదివారం పిలుపొస్తే ఎవరి తలుపు తడతారు? తర్వాత సంస్థకు వెళ్లి పాపను చూడటం, దత్తత కమిటీ, కాగితాలు. అంగీకరించి సంతకం పెట్టిన పది రోజుల్లో పాపను ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత ఉత్తర్వు వచ్చేదాకా మీ సంరక్షణలో ఉండేలా, ఇంటికి తెచ్చుకోవచ్చు. సంస్థ ఏ రాష్ట్రంలోనైనా ఉండొచ్చు. కాజీపేటలో రైలెక్కి ఒక రాత్రిలో చేరే ఊరైతే సరే. ఈశాన్యమో, ఒడిశా లోపలి జిల్లానో అయితే విమానం, ట్యాక్సీ, నాలుగు రోజుల లాడ్జి, అదీ రెండుసార్లు. ఈ దశకు నా లెక్క ఇది: సంస్థకు 50,000, ప్రయాణాలకు 60,000, పాపకు మొదటి సామానుకు 30,000, ఆసుపత్రికి 50,000. మొత్తం 1.9 లక్షలు. ఇది సేవింగ్స్ ఖాతాలో, ఇద్దరూ తీయగలిగేలా ఉండాలి.

ఆసుపత్రికి అంత ఎందుకో చెప్పాలి. పాప ఇంటికి రావడానికీ, దత్తత ఉత్తర్వు చేతికి రావడానికీ మధ్య వారాలు గడుస్తాయి. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. నిబంధన ప్రకారం రెండు నెలల్లో ఇవ్వాలి. ఆ రెండు నెలల్లో పాపకు నిమోనియా వస్తే మీ హెల్త్ పాలసీ ఒప్పుకుంటుందా? కొన్ని కంపెనీలు ఫోస్టర్ కేర్ కాగితం చూసి చేర్చుకుంటాయి, కొన్ని ఉత్తర్వు తెమ్మంటాయి. పాలసీ మధ్యలో చేర్చడానికి ఎన్ని రోజుల్లో చెప్పాలో, ఏ కాగితం చాలో కంపెనీకి ఇప్పుడే ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఫోన్‌లో ఏజెంటు ‘అయిపోతది మేడమ్’ అన్నది లెక్కలోకి రాదు.

సామాను ముందే కొనకండి. రెండేళ్లలోపు అంటే ఐదు నెలల పాప కావచ్చు, ఇరవై రెండు నెలల పాప కావచ్చు. ఉయ్యాల కొని ఉంచితే నడిచే పిల్ల వస్తుంది. నయీంనగర్ వెళ్తే ఒక్క సాయంత్రంలో అన్నీ దొరుకుతాయి. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కు ఉందా? పదకొండు పన్నెండు కిలోల బెల్లానికి వేరే పద్దు రాయక్కర్లేదు.

అందరూ మరిచిపోయేది రెండో దశ, మీ జీతం ఆగిపోయే నెలలు. దత్తత తల్లికి జీతంతో సెలవు ఎంతన్నది యాజమాన్యాన్ని బట్టి మారుతుంది. మీ కాలేజీ నుంచి అది రాతలో తెచ్చుకోండి. కానీ ప్రణాళిక వేసేటప్పుడు ఒక్క రూపాయి రాదనుకుని వేయండి. కొత్త ఇంటికి, కొత్త ముఖాలకు పాప అలవాటు పడటానికి ఆరు నెలలు మీరు ఇంట్లో ఉండాలనుకుందాం. 28,000 చొప్పున 1,68,000. పాప ఖర్చు నెలకు 9,000 అనుకున్నా 54,000. కలిపి దగ్గర దగ్గర 2.25 లక్షలు. దీన్ని ఒకే ఎఫ్‌డీగా వేయకండి. 45,000 చొప్పున ఐదు ముక్కలు చేయండి. ముందే తీస్తే పడే కోత, తీసిన ముక్క మీదే పడుతుంది.

మూడోది మామూలు అత్యవసర నిధి. మీ నెల ఖర్చు వాయిదాలతో కలిపి 69,000. నాలుగు నెలలకు 2.76 లక్షలు. మూడూ కలిస్తే 6.91 లక్షలు. ఇంకా 2.49 లక్షలు మిగిలాయి చూశారా? డాబా లీకేజీకి 80,000, పంటికి 15,000 అనుకుందాం, వెంటనే ఖర్చు పెట్టండి. డాబా పని జూన్‌కు ముందే అవ్వాలి, తడిసిన శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ నిలవదు. పైగా మీ హోమ్ స్టడీ రిపోర్టు మూడేళ్లకు గడువు తీరుతుంది, అంటే ఇంకో అయిదారు నెలల్లో మళ్లీ చేయించుకోవాలి. సోషల్ వర్కరు వచ్చినప్పుడు గోడ మీద చెమ్మ మరకలు ఉండాల్సిన అవసరం లేదు. నిబంధనల్లో ఇంత ఆదాయం ఉండాలన్న అంకె ఏదీ లేదు. నిలకడ చూస్తారు. కాబట్టి ఈ ఆరు నెలల్లో కొత్త పర్సనల్ లోను తీసుకోకండి. ఇద్దరి ఐటీ రిటర్నులు వేసి ఉంచండి, మెడికల్ సర్టిఫికెట్లు కొత్తవి తీసుకోండి.

మిగిలే లక్షన్నర మీ వారి పేరున ఏడాది ఎఫ్‌డీ. దాంతో ఇంటి లోను ముందే కట్టేద్దామని అనిపిస్తుంది, ఇప్పుడొద్దు. లోనులో పోసిన డబ్బు కావాలన్నప్పుడు వెనక్కి రాదు.

చిట్టీ విషయంలో మీ ఆడపడుచు మాట నాకు నచ్చలేదు. ఇప్పుడు 60,000 తగ్గించి పాడారనుకోండి, చేతికి 4.4 లక్షలు వస్తాయి. దాన్ని బ్యాంకులో పెట్టి పాప కోసం చూస్తూ కూర్చుంటే వచ్చే వడ్డీ ఎంత? ఇంకా 19 నెలల వాయిదా ఎలాగూ కట్టాలి. మొదటి నెలల్లో పాట ఎక్కువ తగ్గుతుంది, చివరి నెలల్లో పోటీ ఉండదు. అక్కడిదాకా ఆగగలిగితే కంపెనీ కమిషను పోను దాదాపు మొత్తం చేతికొస్తుంది. ఇంకోటి, చిట్టీ పాడినంత మాత్రాన డబ్బు రాదు. జమానతుదారులు కావాలి, సర్కారు ఉద్యోగులైతేనే కంపెనీలు తొందరగా ఒప్పుకుంటాయి, వాళ్ల జీతం సర్టిఫికెట్లు, సంతకాలు, పరిశీలన అన్నీ కలిసి వారాలు తింటాయి. అది పిలుపు రాగానే అక్కరకొచ్చే డబ్బు కాదు. ఒక్క షరతు: ఇది రిజిస్టరైన చిట్టీయేనా చూసుకోండి. పాస్‌బుక్ మీద నమోదు వివరాలు లేకుండా కాలనీలో తెలిసినామె నడిపే చిట్టీ అయితే నా సలహా తిరగబడుతుంది. వీలైనంత తొందరగా పాడుకుని బయటపడండి.

ఇప్పుడొక చేదు లెక్క. మీరు సెలవులో ఉన్న నెలల్లో మీ వారి 64,000 మీదే బతకాలి. ఖర్చు 69,000, పాపకు 9,000. నెలకు 14,000 లోటు. 2.25 లక్షల ముక్కలు దానికే. కానీ ఆరు నెలల తర్వాత మీరు మళ్లీ కాలేజీకి వెళ్లాలంటే పాపను చూసేదెవరు? అత్తమ్మ ఆరోగ్యం బాగుంటే సరే, లేకపోతే ఆయా జీతం కూడా రాసుకోవాలి. అందుకే వచ్చే మూడు నెలలు ఓ పని చేయండి. మీ జీతం పడిన రోజే 28,000 మొత్తం వేరే ఖాతాకు పంపేసి, ఆయన జీతంతో ఇల్లు నడపండి. ఎక్కడ ఊపిరాడలేదో మూడో నెలకల్లా తెలిసిపోతుంది. ఆ 84,000 ఎటూ మీవే.

మస్కట్ ఉద్యోగం గురించి. ఇద్దరూ అక్కడికి మారితే మీది ఇక దేశంలో ఉండే దంపతుల ఫైలు కాదు, ప్రవాస భారతీయుల దారి పడుతుంది. హోమ్ స్టడీ మీరుండే దేశంలో జరగాలి. గుర్తింపు పొందిన ఏజెన్సీ లేని చోట భారత రాయబార కార్యాలయం ద్వారా జరగాలి. సంరక్షణ నిధి 50,000 రూపాయలు కాదు, 5,000 డాలర్లు. నేటి మారకంలో నాలుగు లక్షలు దాటుతుంది. దానిపైన కారా ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పాప పాస్‌పోర్టు, వీసా. పాపను తీసుకెళ్లాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టు పంపాలి. ఆయన ఒక్కరే వెళ్తే హోమ్ స్టడీకి, సంస్థకు, కమిటీకి ప్రతిసారీ టికెట్టు తీసుకుని రావాలి, సెలవు దొరకాలి. ఇప్పుడున్న కంపెనీ గ్రూపు హెల్త్ పాలసీ పోతుంది. పెరిగే జీతంలోంచి ఇవన్నీ తీసేసి చూడండి. రెండున్నరేళ్ల వరుస చేతిలో ఉండగా నేనైతే దాన్ని కదిలించను. ఆయన మనసు వెళ్లడం మీదే ఉంటే రాజీనామాకు ముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో మీ ఫైలు స్థితి ఏమవుతుందో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. పాప వచ్చాక రెండేళ్లలోపు విదేశానికి మారినా ముందే తెలియజేయాలి.

బీమా పనులు రెండు. మీ వారికి టర్మ్ పాలసీ లేకపోతే ఇప్పుడే కోటి రూపాయలకు తీసుకోండి, వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ఇంకా పాప పేరు లేదని ఆగక్కర్లేదు, నామినీగా మీరుండి, ఉత్తర్వు వచ్చాక మార్చుకోవచ్చు. అయితే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ ఇస్తామని ఏజెంటు అంటే ఆగండి. అందులో లబ్ధిదారులను తర్వాత మార్చలేరు. పీఎఫ్ నామినేషన్ కూడా ఉత్తర్వు రాగానే మార్చే జాబితాలో రాసుకోండి. పిల్లల పాలసీలు, సుకన్య సమృద్ధి మాట ఇప్పుడెవరు ఎత్తినా నవ్వి ఊరుకోండి. సుకన్య ఖాతా పదేళ్లలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, దానికి మీ పేర్లతో పాప జనన ధ్రువపత్రం ముందు రావాలి.

ఇక చివరిది, ఖర్చు నెలకు కొన్ని వందలు. కారాలో ఇచ్చిన మొబైల్ నంబరు, ఈమెయిల్ ఎవరివి? పాత సిమ్ అయితే రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోయిందేమో చూడండి. ఏడాది ప్లాన్ వేయించి, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలిసేలా ఉంచండి, పోర్టల్ వారానికి రెండుసార్లు తెరిచి చూడండి. సీనియారిటీ నంబరు రోజూ చూడటం వల్ల అది కదలదు, 48 గంటల మెసేజ్ మాత్రం స్పామ్ ఫోల్డర్లో పడే అవకాశం ఉంది.