అలసటా, అడుగంటడమా?

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. న్యూజెర్సీ వచ్చి పద్నాలుగు నెలలైంది, శని ఆదివారాలు పదేసి గంటలు పడుకున్నా సోమవారం లేవబుద్ధి కావడం లేదు, నెల కిందట వచ్చిన కవర్లు చింపకుండా మైక్రోవేవ్ మీదే పడున్నాయి అని రాశావు. "ఇది బద్ధకమా అక్కా, నాకేమైనా అయిందా?" అని అడిగావు. బద్ధకస్తుడు ఈ ప్రశ్న అడగడు. హాయిగా పడుకుంటాడు.

నా సంగతి చెప్తాను. మేం డల్లాస్ దగ్గర ఉంటాం, వచ్చి పదిహేడేళ్లు దాటింది. ఇక్కడికి వచ్చిన ఎనిమిదో ఏట నాకు ఇదే వస్తే నేను గుర్తుపట్టలేదు. అప్పట్లో ఆఫీసు నుంచి వచ్చి కారు గరాజ్‌లో పెట్టి, ఇంజిన్ ఆపేసి, సీట్లోనే కూర్చునేదాన్ని. వెనకాల తలుపు కిందికి దిగేది. పైన లైటు నాలుగైదు నిమిషాలు వెలిగి దానంతటదే ఆరిపోయేది. ఆ చీకట్లో అలాగే ఉండేదాన్ని. ఏడుపు లేదు, ఆలోచన లేదు. లోపల పాప "మమ్మీ కారు వచ్చింది" అని అరవడం వినిపించేది, అయినా చెయ్యి డోరు మీదకు వెళ్లేది కాదు. మొదట్లో లైటు ఆరేదాకా. తర్వాత తర్వాత మా ఆయన వచ్చి తలుపు తీసేదాకా. అడిగితే "ఫోన్లో ఉన్నా" అనేదాన్ని. ఫోన్ బ్యాగులో ఉండేది.

పాలు అడుగంటితే పైకి తెల్లగానే కనిపిస్తాయి చూడు. గిన్నె ముందు నిలబడ్డవాళ్లకు తెలియదు, పక్క గదిలో ఉన్నవాళ్లకు ముందు వాసన వస్తుంది. ఇదీ అంతే. నేను డెడ్‌లైన్లు ఒక్కటీ తప్పలేదు, ఆ ఏడు రేటింగ్ కూడా బాగానే వచ్చింది. వీడియో కాల్‌లో మా అమ్మ మాత్రం "ఏంటే, మొహం అలా పీక్కుపోయింది?" అంది. నేను లైటింగ్ బాగోలేదన్నాను.

మామూలు అలసట అయితే రెండు రాత్రులు కంటినిండా నిద్రపోతే, ఒక శనివారం స్నేహితులతో గడిపితే దిగుతుంది. ఇది దిగదు. దీన్నే బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన కొత్త వర్గీకరణలో చేర్చింది. జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా. దానికి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టుండడం, చేస్తున్న పని మీద విరక్తో వెటకారమో పుట్టడం, చేసే పని సరిగ్గా చేయలేకపోతున్నానని అనిపించడం. మొదటిది అందరికీ తెలుస్తుంది. రెండోదాన్ని మనం గుణం మారడం అనుకుంటాం. ఇండియాలో ఉన్న మా ఆఫ్‌షోర్ టీమ్‌లో ఒక కుర్రాడు రోజూ టీమ్స్ చాట్‌లో "గుడ్ మార్నింగ్ మేడమ్" అని పెట్టేవాడు. అది చూసినా నాకు ఒళ్లు మండేది. పాపం వాడేం చేశాడు? మూడోది వచ్చేసరికి నాలుగు లైన్ల మెయిల్ రాసి, ఆరుసార్లు చదివి, చివరికి పంపకుండా డ్రాఫ్ట్‌లో వదిలేసేదాన్ని.

ఈ లక్షణాలు చదివి ఎవరికి వాళ్లు "నాకివేం లేవులే" అనుకోవడం తేలిక. అందుకే ఎవరైనా నన్నడిగితే, ఇష్టంగా చేసేవాటిలో ఏం మానేశావో చెప్పు అంటాను. నా విషయంలో అది ఆవకాయ. మా అత్తగారు మనిషి చేత పంపిన జాడీ, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా నాలుగు నెలలు ప్యాంట్రీలో ఉంది. వచ్చిన రోజే వేడన్నంలో కలుపుకునే మనిషిని నేను. నువ్వు క్రికెట్ స్కోరు చూడడం మానేశానని ఉత్తరంలో ఏదో పక్కమాటగా రాశావే, నాకు అన్నిటికంటే అదే ఎక్కువ పట్టింది.

ఇది మనవాళ్లలో ఎక్కువ ముదరడానికి గడియారం ఒక కారణం. ఇండియాకూ మా డల్లాస్‌కూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి తిప్పగానే అది పదకొండున్నర అవుతుంది. అక్కడివాళ్ల సాయంత్రం ఆరున్నర కాల్ నాకు అప్పటిదాకా ఉదయం ఎనిమిది, మర్నాటి నుంచి ఏడు. వాళ్ల ఉదయం ఏడు గంటల కాల్ రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఏడున్నరకు జరుగుతుంది, అంటే సరిగ్గా పిల్లలకు అన్నం పెట్టే వేళకు. రోజు రెండు పక్కలా కాల్స్‌కు నొక్కుకుపోయి, మధ్యలో ఇక్కడి ఆఫీసు. మీ దగ్గర డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఎండ మొహం కూడా చూడవు.

రెండో కారణం భయం. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. చదువయ్యాక ఇచ్చే పని అనుమతి, ఓపీటీలో ఉన్న పిల్లలు స్టెమ్ పొడిగింపు లేకపోతే మొత్తం కలిపి 90 రోజులే ఖాళీగా ఉండొచ్చు. ఈ అంకెలు తల వెనక మీటర్‌లా తిరుగుతుంటే ఎవడు మాత్రం "నావల్ల కావడం లేదు" అని నోరు తెరుస్తాడు? అందుకే మనం సెలవు పెట్టం, డాక్టరు దగ్గరకు పోం, పైగా అడగని పని కూడా నెత్తినేసుకుంటాం. నేనూ అదే చేశాను. ఇందులో నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఏమిటంటే, ఆ 60 రోజుల లెక్క ఉద్యోగం పోయినప్పటి నుంచి మొదలవుతుంది. ఉద్యోగంలో ఉండి ఆరోగ్యం కోసం సెలవు అడిగి తీసుకుంటే కాదు. నువ్వు అడిగి తీసుకున్న సెలవుకు కంపెనీ జీతం ఇవ్వకపోవచ్చు, కానీ ఆ కంపెనీ ఉద్యోగివిగా ఉన్నంతవరకు స్టేటస్ ఉంటుంది. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడం వేరే సంగతి, అది వాళ్ల తప్పు. సెలవు మంజూరైనట్టు మెయిల్ మాత్రం తప్పకుండా దాచుకో. పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్క మాట అడుగు.

ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే చట్టం గురించి నీకెవరూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు. నీ ఆరోగ్యం కోసం ఏడాదిలో 12 వారాల వరకు సెలవు, తిరిగొచ్చేసరికి అదే ఉద్యోగమో దానికి సమానమైనదో ఉండాలి. సిటిజన్ అయి ఉండాలన్న షరతేమీ లేదు. ఆ యజమాని దగ్గర 12 నెలలు, గడిచిన ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. నువ్వు పనిచేసే చోటికి 75 మైళ్ల లోపల కంపెనీకి 50 మంది ఉద్యోగులు ఉండాలి. చిన్న కన్సల్టెన్సీలు ఇక్కడే తప్పించుకుంటాయి. ఇది జీతం లేని సెలవు. కానీ ఒంట్లో బాగోక పని చేయలేనప్పుడు మీ న్యూజెర్సీ రాష్ట్రం కొంత భాగం ఇస్తుంది, కాలిఫోర్నియా, న్యూయార్క్ కూడా ఇస్తాయి. మా టెక్సాస్‌లో ఆ ముచ్చట లేదు. ఇంకో మంచి సంగతి, 12 వారాలూ ఒకేసారి తీసుకోనక్కర్లేదు. డాక్టరు అవసరమని రాసిస్తే వారానికి ఒక పూట చొప్పున కూడా వాడుకోవచ్చు. ఫారం హెచ్‌ఆర్‌కు వెళ్తుంది, మేనేజర్‌కు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.

బర్నవుట్ అన్న ఒక్క మాట మీద ఆ ఫారం నిలబడకపోవచ్చు, ఇందాక చెప్పినట్టు అది జబ్బుల లెక్కలోకి రాదు గదా. నిద్రలేమో, యాంగ్జయిటీయో, డిప్రెషనో ఉన్నదేదో డాక్టరే చూసి రాయాలి. అందుకే ముందు డాక్టరు. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న మామూలు ప్రైమరీ కేర్ డాక్టరు చాలు. ఏడాదికోసారి ఉచితంగా చేసే చెకప్‌లో ఈ సంగతి ఎత్తితే వేరే విజిట్‌గా లెక్కగట్టి కోపే, అంటే మనం కట్టాల్సిన వాటా, వేయొచ్చు. వేయనీ. థైరాయిడ్, విటమిన్ డి, బి12, రక్తం శాతం చూడమని అడుగు. మాంసం ముట్టని ఇళ్లవాళ్లకు బి12 తక్కువుండడం మామూలే. నాదైతే అడుక్కి ఉంది, సగం నీరసం దానిదే. మిగతా సగం మాత్రలకు పోలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో అశ్వగంధ వేసుకోమనేవాళ్లు నలుగురుంటారు. థైరాయిడ్ పరీక్ష కాకుండా దాని జోలికి పోకు.

అక్కడ నీ చేతికి ఒక కాగితం ఇస్తారు. గడిచిన రెండు వారాల్లో అంటూ తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొదటిదే పనుల మీద ఆసక్తి తగ్గిందా అని. క్లిప్‌బోర్డు ఒళ్లో పెట్టుకుని నేను ఠక్కున సున్నాకు టిక్కు పెట్టాను. మనకు పరీక్ష కాగితం అంటే మార్కులు పోకూడదు కదా! నర్సు పేరు పిలిచేలోపు, గరాజ్ గుర్తొచ్చి, కొట్టేసి మూడు పెట్టాను. ఆ కొట్టివేత దగ్గర నుంచే నా సంగతి మలుపు తిరిగిందని ఇప్పటికీ అనుకుంటాను. చివరి ప్రశ్న బతకడం ఎందుకన్న ఆలోచనల గురించి. అలాంటిది నీకు ఒక్కసారి వచ్చినా నా జవాబు కోసం చూడకు, 988కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పెట్టొచ్చు. ఇరవై నాలుగ్గంటలూ మనుషులుంటారు.

మీ కంపెనీ బెనిఫిట్స్ పేజీలో ఈఏపీ అని, ఉద్యోగులకు సాయం చేసే పథకం, ఉందేమో చూడు. కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం, మాట్లాడినవి ఆఫీసుకు చేరవు. నాకు దొరికినావిడకు మన భాష రాదు. అత్తగారంటే ఏమిటో చెప్పడానికే మొదటి సెషన్ సగం అయిపోయింది. అయినా పనికొచ్చింది.

ఇక నువ్వడిగిన రెండో ప్రశ్న, "ఇండియా వెళ్లి మూడు వారాలు ఉండొస్తే తగ్గుతుందా?" వెళ్లు, అమ్మానాన్నల్ని చూడు, కానీ విశ్రాంతి అనుకుని మాత్రం వెళ్లకు. జెట్‌లాగ్ నాలుగు రోజులు, ఒక పెళ్లి, రెండు గృహప్రవేశాలు, "మా ఇంటికి రాలేదేం" అనే బంధువులు, వీసా స్టాంపింగ్ ఉంటే ఆ టెన్షన్ వేరే. నేను వెళ్లి రెండు కిలోలు పెరిగి, ఇంకా డీలాపడి తిరిగొచ్చాను. సోమవారం లాప్‌టాప్ తెరిస్తే అదే కాల్స్, అదే వేళకు. వారం మారకుండా ఊరు మారితే ఏం లాభం?

అందుకని వారాన్నే మార్చాను. రాత్రి కాల్ రోజు విడిచి రోజుకు తగ్గించమని మేనేజర్‌ను అడిగాను. భయపడ్డంత ఏమీ కాలేదు, ఇంకొకతను మిగతా రోజులు చూస్తానన్నాడు. ఆ మాట అడగడానికి నేను పదకొండు వారాలు నానబెట్టాను. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, పడగ్గదికి పది డాలర్ల అలారం గడియారం కొన్నాను. ఆదివారం తెలుగు బడిలో పాఠం చెప్పడం ఒక ఏడాది మానేశాను, కొందరు మొహం ముడుచుకున్నారు. ఉదయం ఇరవై నిమిషాలు చెరువు దాకా నడక, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా. నాలుగు కూరలు వండడం మాని పప్పుచారు, అప్పడంతో సరిపెట్టిన రోజులెన్నో. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో మూడు వారాలు బాగుండి మళ్లీ గరాజ్‌లో కూర్చున్న రోజులూ ఉన్నాయి.

మీ ఆవిడ ఇంట్లోనే ఉంటోందన్నావు. "ఇంట్లో ఉండేవాళ్లకు అలుపేంటి" అన్న మాట నీ నోట రానీయకు. కారు నడపడం రాక, పని చేసే పర్మిట్ లేక, చంటిపిల్లతో అపార్ట్‌మెంట్లో రోజంతా ఉండడం కూడా అడుగంటిస్తుంది. నువ్వు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమెనూ తీసుకెళ్లు. నీలో ఏం మారిందో గుర్తుపట్టి ఆమె చెప్పగలదు, నువ్వు మొదటి ప్రశ్నకు సున్నా పెడితే పక్కనుంచి చూస్తుంది కూడా.

అమ్మానాన్నలకు ఇప్పుడే అంతా చెప్పనక్కర్లేదు. "ఒంట్లో నలతగా ఉంది, డాక్టరుకు చూపించుకుంటున్నా" అంటే చాలు, అబద్ధం కాదు.

కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు, కాబట్టి రేపు తొమ్మిదింటికి క్లినిక్ తెరవగానే ఫోన్ చెయ్యి. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని కూడా చెప్పు. మైక్రోవేవ్ మీది కవర్లు ఆగుతాయి, ఇన్సూరెన్స్ వాళ్లదుంటే అదొక్కటి చింపు, కార్డు అందులోనే ఉండి ఉంటుంది. తేదీ దొరగ్గానే నాకొక మెసేజ్ పెట్టు.