సర్పి అనాలా, అమ్మవారు అనాలా?

సందేహం: మా మామ్మకి నడుం మీద ఒక పక్కన మంటతో నీటిపొక్కులు లేచాయి. ఇంట్లో సర్పి అన్నారు, పక్కింటావిడ అమ్మవారు పోసిందన్నారు, డాక్టరుగారు చీటీలో హెర్పిస్ జోస్టర్ అని రాశారు. ఏది సరైన మాట? సర్పి రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: సర్పి అనే రాయండమ్మా, చక్కటి మాట. సంస్కృతంలో సృప్ అంటే పాకడం, సర్పం కూడా అందులోంచి వచ్చిందే. గ్రీకులో హెర్పిస్‌కి మూలమైన క్రియకీ అర్థం పాకడమే, ఈ రెండు ధాతువులూ ఒకే పాత మూలం నుంచి చీలినవి, జోస్టర్ అంటేనేమో నడికట్టు. కాబట్టి మీ ఇంట్లోవాళ్లూ డాక్టరుగారూ అన్నది ఒకటే.

అమ్మవారు అంటే ఆటలమ్మ. అది ఒళ్లంతా చెదురుమదురుగా పోస్తుంది, దురద ఎక్కువ, ఒకచోట కొత్త పొక్కు, పక్కనే చెక్కు కట్టింది, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. సర్పి అలా కాదు, ముందు నొప్పి, మంట, తర్వాత ఒకవైపే పట్టీలా పొక్కులు. అయితే పక్కింటావిడ మాటలోనూ కొంత నిజముంది: ఎప్పుడో ఆటలమ్మ పోసినప్పటి వైరస్సే నరాల్లో అణగి ఉండి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఇలా లేస్తుంది. అందుకే పొక్కులు ఎండేదాకా గర్భిణులనీ, ఆటలమ్మ రాని పిల్లలనీ మామ్మకి దూరంగా ఉంచండి, ఆ నీరు తగిలితే వాళ్లకి ఆటలమ్మ రావచ్చు.

కొసలు కలవడం వట్టి భయం. ఒక నరం వెంబడి వస్తుంది కాబట్టి సాధారణంగా ఒంటి మధ్యగీత దాటదు. నన్ను బాధపెట్టేది వేరే సంగతి. సర్పి అనగానే చాలామంది పసరు రాయించుకుంటూ, మంత్రం వేయించుకుంటూ కూర్చుంటారు, ఈలోగా మందు బాగా పనిచేసే సమయం దాటిపోతుంది. ఎసైక్లోవిర్ లాంటి మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, పెద్దవాళ్లకి పొక్కులు మానాక కూడా నెలల తరబడి నొప్పి మిగిలిపోవచ్చు. కన్ను దగ్గరో, ముక్కు కొసనో లేస్తే చూపుకే ప్రమాదం, ఆ రోజే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి.

ఇంకొక్క మాట. కొందరు తామరని కూడా సర్పి అనేస్తున్నారు, తామర ఫంగస్ వల్ల వచ్చేది, దాని మందు వేరు. మెడికల్ షాపులో పేరు చెప్పి క్రీమ్ అడగొద్దు, చర్మం చూపించి డాక్టరు చేత రాయించుకోండి.