బధిరులే నడిపే నాటకం వల్ల బధిర యువతకు ఒరిగేదేమిటి? అది మూకాభినయమే కదా?

బధిరులే రాసి, నిర్దేశించి, నటించే నాటకం బధిర యువతకు తమ సంజ్ఞా భాష మీద గౌరవాన్ని, అనుసరించదగిన పెద్దల పరిచయాన్ని ఇస్తుంది. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు కనుక, వరంగల్ చుట్టుపక్కల ఏ పల్లెలోనో పెరిగే బాలికకు తనలాంటి పెద్దవారు ఒక్కరైనా ఎదురుపడకుండానే బాల్యం గడిచిపోవచ్చు. ఆ లోటును రంగస్థలం కొంతైనా తీరుస్తుంది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే. బధిర నటుడు ఎడ్ వాటర్‌స్ట్రీట్ 1991లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన డెఫ్ వెస్ట్ థియేటర్ ఇందుకు ఉదాహరణ. ఆ వేదిక మీద రాటుదేలిన బధిర నటుడు ట్రాయ్ కోట్సర్ 2022లో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు (మన బధిర పాఠశాలల్లో ప్రతి విద్యార్థికీ తెలియవలసిన విషయమిది). ఇక ఇది మూకాభినయం అనుకోవడం పొరపాటు. మూకాభినయం భాష లేకుండా సాగుతుంది, బధిరుల నాటకం సంజ్ఞా భాషలో సాగుతుంది. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది, అది తెలుగు వాక్యాలకు చేతులతో చేసే అనువాదం కాదు.