'హోమ్' పాట ఫిలిప్ ఫిలిప్స్ సొంతంగా రాసుకున్నదేనా?

కాదు, 2012లో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ 11వ సీజన్ గెలిచిన ఫిలిప్ ఫిలిప్స్‌కు పేరు తెచ్చిన 'హోమ్' పాటను రాసింది గ్రెగ్ హోల్డెన్, డ్రూ పియర్సన్. ఫైనల్ అయిపోగానే విజేత పాట మార్కెట్లోకి రావాలి. పోటీ టెన్షన్‌లో ఉన్నవాడికి కూర్చుని పాట కట్టే తీరికెక్కడిది? అందుకే బయటివాళ్లు రాసిన పాటను ముందే సిద్ధంగా ఉంచుతారు. ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్ సమయంలో అమెరికా టీవీలో తమ మహిళా జిమ్నాస్టుల దృశ్యాలకు దాన్ని వాడటంతో పాట ఇంటింటికీ చేరింది.

అలాగని ఆయన రాయడం రాని ఉత్త గాయకుడనుకుంటే పొరపాటే, చాలామంది పొరబడేది ఇక్కడే. అదే ఏడాది నవంబరులో వచ్చిన తొలి ఆల్బమ్‌లో చాలా పాటల రచనలో ఆయన చెయ్యి ఉంది. 2014 నాటి 'రేజింగ్ ఫైర్' పాట కూడా ఇతరులతో కలిసి ఆయన రాసిందే.